ఊ కొట్టేవాళ్ళు నలుగురుంటే చాలు: ఆన్‌లైన్‌లో పైసా ఖర్చు లేకుండా కలిసి ఆడే కథల ఆటలు

చిన్నప్పుడు మా అమ్మమ్మ కథ చెబుతూ చెబుతూ టక్కున ఆపేసేది. "ఊ కొట్టడం లేదేం, నిద్రపోయావా?" అనేది. ఊ కొడితేనే కథ కదిలేది. కొట్టకపోతే రాకుమారుడు ఆ మర్రిచెట్టు కింద తెల్లారేదాకా నిలబడి ఉండాల్సిందే. ఆన్‌లైన్‌లో కథల ఆటలు మొదలుపెట్టి, మొదటి రెండు ఆదివారాలు చేతులు కాల్చుకున్నాక నాకు గుర్తొచ్చింది ఈ సంగతే.

ఆ మొదటి ఆదివారం ఏడుగురం కాల్‌లో చేరాం. అందరూ మర్యాదగా మైకులు మ్యూట్‌లో పెట్టుకున్నారు. నేను స్క్రీన్ చూపిస్తూ, నేనే చదువుతూ, నేనే టైప్ చేస్తూ పోయాను. నలభై నిమిషాల తర్వాత "ఉన్నారా?" అని అడిగితే ఇద్దరు పలికారు. వాళ్ళలో ఒకడు బెండకాయలు తరుగుతున్నాడు. ఆట మంచిదే. ఊ కొట్టేవాళ్ళే లేరు.

ఇప్పుడు మేం నలుగురం: విజయవాడలో నేను, హైదరాబాద్‌లో మా బావ, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అక్క కూతురు, డాలస్‌లో నా పాత రూమ్మేట్. ఆదివారం ఆదివారం ఆడతాం. ఎలా కుదుర్చుకున్నామో, ఏ వరుసలో నేర్చుకుంటే తేలికో ఇక్కడ చెబుతాను.

కథల ఆటలు ముఖ్యంగా మూడు రకాలు. ఎవరో ముందే రాసిపెట్టిన కథలోకి అందరూ కలిసి దూరడం ఒకటి. ఒకరు సూత్రధారిగా, మిగతావాళ్ళు పాత్రలుగా నోటితోనే కథ అల్లుకోవడం రెండోది. వంతులవారీగా రాసుకుంటూ పోవడం మూడోది. ఈ వరుసలోనే వెళ్ళమంటాను. మొదటిదాంట్లో కథ సిద్ధంగా ఉంటుంది కాబట్టి మీరు నేర్చుకోవాల్సింది నలుగురూ కలిసి ఒక మాట మీదికి రావడం ఒక్కటే. నేరుగా రెండోదానికి దూకితే "మనకు కథలు చెప్పడం ఎక్కడొచ్చు" అని మొదటి పూటే వదిలేసే ప్రమాదం ఉంది.

1. ముందు మనుషులు, తర్వాత ఆట

ముగ్గురు నుంచి ఐదుగురు. నలుగురైతే హాయి. ఇద్దరే అయితే ఆలోచన అయిపోయినచోట ఆట ఆగిపోతుంది. ఆరుగురు దాటితే ఒకరి మాట మీద ఒకరు పడతారు, లేదా మర్యాదకు పోయి అందరూ ఊరుకుంటారు. ఎదురెదురుగా కూర్చుంటే కళ్ళతో వంతులు తెలుస్తాయి. కాల్‌లో ఆ వీలు లేదు.

అందరికీ కంప్యూటర్ ఉండక్కర్లేదు. ఒక్కరికి ల్యాప్‌టాప్ ఉంటే మిగతావాళ్ళు ఫోన్లలో చూడొచ్చు. ఇయర్‌ఫోన్లు మాత్రం తప్పనిసరి, ఎందుకంటే మైకులన్నీ తెరిచే ఉంచాలి. స్పీకర్ పెట్టుకుంటే మాటలు ప్రతిధ్వనించి, "ఎవరిదబ్బా ఆ ఎకో" అని గొడవ మొదలై, చివరికి అందరూ మ్యూట్ చేసుకుంటారు. మ్యూట్ చేస్తే నవ్వు వినపడదు, "అయ్యో" వినపడదు. మా ఇంట్లో కుక్కర్ విజిల్ వినిపించినా ఫర్వాలేదన్నదే మా మొదటి నియమం.

2. టైము కుదుర్చుకోవడం

అందరూ ఇక్కడే ఉంటే రాత్రి తొమ్మిది తర్వాత ఎప్పుడైనా సరే. అమెరికాలో ఒకరుంటే కాస్త లెక్క వేయాలి. మాకు ఆదివారం పొద్దున ఏడున్నర అంటే డాలస్‌లో ఎండాకాలం శనివారం రాత్రి తొమ్మిది, చలికాలం ఎనిమిది. వాళ్ళ గడియారం మార్చి రెండో ఆదివారం ఒక గంట ముందుకు, నవంబర్ మొదటి ఆదివారం ఒక గంట వెనక్కి జరుగుతుంది. ఆ రెండు వారాల్లో గ్రూపులో ముందే గుర్తు చేయండి. ఒకసారి మేం ముగ్గురం గంటసేపు ఎదురుచూశాం. వాడి లెక్కలో వాడు సరిగ్గా టైముకే వచ్చాడు.

ఒక్కో పూటకు గంటన్నర చాలు. పిల్లలుంటే గంటే. ఇంకా ఆడాలనిపిస్తుండగా ఆపేస్తే తర్వాతి వారం ఎవరినీ పిలవక్కర్లేదు, వాళ్ళే వస్తారు.

3. ఎక్కడ కలవాలి

వాట్సాప్ వీడియో కాల్‌లో స్క్రీన్ చూపించే సదుపాయం 2023 నుంచి ఉంది. అందరికీ తెలిసిన యాప్ కాబట్టి పెద్దవాళ్ళు ఉన్న గుంపుకు అదే నయం. గూగుల్ మీట్ ఉచిత ఖాతాలో ముగ్గురు, అంతకన్నా ఎక్కువ మంది ఉంటే గంటకు, జూమ్ ఉచిత ఖాతాలో నలభై నిమిషాలకు కాల్ తెగుతుంది. కథ మంచి పట్టు మీద ఉన్నప్పుడే తెగుతుందనుకోండి, అది వేరే విషయం. నా ఓటు డిస్కార్డ్‌కు. 2015లో వీడియో గేములు ఆడేవాళ్ళ కోసం వచ్చిన యాప్ ఇది. మాట్లాడే గదికి టైము పరిమితి లేదు, స్క్రీన్ ఉచితంగానే చూపించొచ్చు, పక్కనే రాసుకునే గదులు పెట్టుకోవచ్చు.

డిస్కార్డ్‌లో చేయాల్సింది ఇంతే. ఒకరు ఖాతా తెరిచి కొత్త సర్వర్ అని నొక్కాలి. పేరుకు సర్వర్ కానీ, నిజానికి అదొక అద్దె లేని ఇల్లు. అందులో మాట్లాడే గది ఒకటి ఉంటుంది. రాసుకునే గదులు రెండు పెట్టండి: ఒకటి కబుర్లకు, ఒకటి కథ గుర్తులకు. తర్వాత ఆహ్వానం లింక్ తీసి వాట్సాప్‌లో మీవాళ్ళకే పంపండి. మామూలుగా ఆ లింక్ వారం రోజులకు చెల్లకుండా పోతుంది, కాబట్టి నెల కింద పంపినది పనిచేయడం లేదని కంగారు పడొద్దు. మన దేశంలో డిస్కార్డ్ ఖాతాకు కనీసం పదమూడేళ్ళు ఉండాలి. అంతకన్నా చిన్నపిల్లలను పెద్దవాళ్ళ పక్కన కూర్చోబెట్టి, పెద్దవాళ్ళ ఖాతాలోనే ఆడించండి.

స్క్రీన్ చూపించేవాళ్ళకు ఒక్క మాట: బ్రౌజర్‌లో అక్షరాలను నూట యాభై శాతానికి పెంచండి. మీ ల్యాప్‌టాప్‌లో శుభ్రంగా కనిపించేది అవతల ఫోన్‌లో చీమల బారులా ఉంటుంది.

4. మొదటి ఆట: గుహలోకి నలుగురూ

మొదలుపెట్టడానికి నేను సూచించేది ఈ రకం ఆటలన్నిటికీ తాత లాంటిది: కొలాసల్ కేవ్ అడ్వెంచర్. బొమ్మలుండవు. మీరు ఎక్కడున్నారో అది అక్షరాల్లో చెబుతుంది. ఏం చేయాలో మీరు ఒకటి రెండు మాటల్లో టైప్ చేస్తారు. విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామర్ 1975–76 ప్రాంతంలో దీన్ని రాశాడు. అతనికీ, భార్య ప్యాట్రీషియాకీ గుహల్లో తిరగడం పిచ్చి. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహకూ ఫ్లింట్ రిడ్జ్ గుహలకూ దారి కలుస్తుందని 1972లో తేల్చిన బృందంలో ఆమె ఉన్నారు. తర్వాత వాళ్ళిద్దరూ విడిపోయారు. తన దగ్గరికి వచ్చినప్పుడు ఇద్దరు కూతుళ్ళు ఆడుకోవడానికని క్రౌథర్ తనకు తెలిసిన గుహనే ఆటగా మలిచాడు. 1977లో స్టాన్‌ఫర్డ్‌లో డాన్ వుడ్స్ దానికి మరెన్నో గదులూ చిక్కుముళ్ళూ చేర్చి పెద్దది చేశాడు.

అంటే మొదటి రోజు నుంచీ ఇది ఇంట్లోవాళ్ళతో కూర్చుని ఆడే ఆటే. నంద్యాల జిల్లాలో బేలం గుహలు చూసినవాళ్ళకు ఇందులోని ఇరుకు దారులూ, ఉన్నట్టుండి విశాలమయ్యే హాళ్ళూ వెంటనే కళ్ళకు కడతాయి. మన బేలం పొడవు 3 కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. మామత్ గుహలో ఇప్పటిదాకా కొలిచిందే 600 కిలోమీటర్లు దాటింది.

ఎక్కడ దొరుకుతుందంటే, ఇంటరాక్టివ్ ఫిక్షన్ డేటాబేస్ అనే సైట్ ఉంది. ఆట పేరు వెతికితే చాలా రూపాలు కనిపిస్తాయి. బ్రౌజర్‌లోనే ఆడుకునే బటన్ ఉన్న రూపాన్ని ఎంచుకోండి. ఏదీ దించుకోవాల్సిన పని లేదు. 350 మార్కులు అని ఉన్నది డాన్ వుడ్స్ రూపం. అదే మంచిది.

ఇప్పుడు అసలు పని: ఎవరేం చేయాలి. బుర్రకథలో నడుమ కథకుడు, ఇటు హాస్యం చెప్పే వంత, అటు రాజకీయం చెప్పే వంత ఉంటారు కదా. ముగ్గురికీ మూడు పనులు కాబట్టే ఆ కథ రక్తి కడుతుంది. ఇక్కడా పనులు పంచాలి.

చదివేవాళ్ళు ఒకరు. ఆట ఇంగ్లీషులో ఉంటుంది. స్క్రీన్ మీద వచ్చినదాన్ని పైకి చదివి, వెంటనే తెలుగులో చెప్పాలి. పద్యం ఒకరు చదివి తాత్పర్యం ఇంకొకరు చెప్పే పురాణ కాలక్షేపం లాగా అనుకోండి. మా బావ ఈ పనిలో ఎంత లీనమైపోయాడంటే, "మీ ఎదుట ఒక చిన్న ఇటుకల ఇల్లు. ఇంట్లోంచి సన్నని వాగు ఒకటి పారుతోంది" అని చెబుతుంటే మా అక్క వంటింట్లోంచి వచ్చి వెనకాల నిలబడింది. మనవాళ్ళకు ఇంగ్లీషు ఆటలు అచ్చిరావన్నది ఉత్త మాట. తాత్పర్యం చెప్పేవాళ్ళు కావాలి, అంతే.

కీబోర్డ్ పట్టేవాళ్ళు ఒకరు. వీళ్ళకు ఓటు లేదు. నేను ఎక్కువగా పట్టుబట్టేది ఈ నియమం మీదే. కీబోర్డ్ ఉన్నవాడికి ఆలోచన రాగానే వేళ్ళు కదిలిపోతాయి. మిగతా ముగ్గురు ప్రేక్షకులైపోతారు. మేం ఏడుగురం ఆడిన రోజు నేను చేసింది అదే. కాబట్టి కీబోర్డ్ పట్టినవాళ్ళు మిగతావాళ్ళు చెప్పిందే టైప్ చేయాలి. అరగంటకోసారి ఈ పని మారాలి.

పటం గీసేవాళ్ళు ఒకరు. కాగితం మీద గడి గీసి, గది పేరు రాసి, ఏ దిక్కు నుంచి వచ్చారో గీత గీయడమే. ఈ గుహలో తూర్పుకు వెళ్ళి మళ్ళీ పడమరకు తిరిగితే అన్నిచోట్లా పాత గదికే రారు. అందుకే పటం లేకపోతే పది నిమిషాల్లో దారి తప్పుతారు. పటానికి మధ్యమధ్యలో ఫొటో తీసి గుర్తుల గదిలో పెట్టండి. నాలుగో మనిషి సంచి చూసుకోవాలి: చేతిలో ఏమున్నాయి, ఎక్కడ ఏం వదిలాం.

ఆదేశాలు చాలా చిన్నవి. ఇంగ్లీషు దిక్కుల పేర్లలో మొదటి అక్షరం కొడితే ఆ దిక్కుకు వెళతారు. పైకి, కిందికి కూడా అంతే. వస్తువు తీసుకోవడానికి గెట్, వదలడానికి డ్రాప్, మళ్ళీ చుట్టూ చూడటానికి లుక్. కొన్ని మాటలు దానికి అర్థం కావు. అప్పుడు వాదించకుండా ఇంకో మాట ప్రయత్నించండి.

మొదటి పూట కోసం దారి చెబుతాను, ఆ పైన మీ ఇష్టం. ముందు ఇటుకల ఇంట్లోకి వెళ్ళండి. తాళంచెవులు, దీపం, తిండి, నీళ్ళ సీసా ఉంటాయి. తీసుకోండి. బయటికొచ్చి వాగు వెంబడి దక్షిణంగా పోతే నేలలో ఇనుప ఊచల తలుపు, దానికి తాళం. తాళం తీసి కిందికి దిగండి. చీకటి పడగానే దీపం వెలిగించండి. చీకట్లో నడిస్తే గోతిలో పడే ప్రమాదం ఉంది. దీపం కూడా ఎంతసేపైనా వెలగదు, బ్యాటరీ కొన్ని వందల ఆదేశాలకే అయిపోతుంది. కాబట్టి పైన పగటి వెలుగులో ఉన్నప్పుడు ఆర్పెయ్యండి. మా ఇళ్ళలో ఫ్యాన్ ఆపకుండా బయటికొచ్చేవాళ్ళు ఈ ఆటతో కాస్త మారారు.

కాస్త లోపల ఒక గదిలో చిన్న పిట్ట ఉంటుంది. పట్టుకోబోతే బెదిరిపోతుంది. చాలా గుంపులు మొదట కలిసి బుర్ర బద్దలు కొట్టుకునేది ఇక్కడే. దారిలో పంజరం తీసుకున్నారా? అది ఉన్నా పిట్ట దొరకడం లేదా? అయితే ఇంకేం చేయాలని కాదు, చేతిలో ఏమున్నాయని అడగండి. సంచి చూసుకునే మనిషి విలువ ఆ క్షణంలో తెలుస్తుంది. మా ఇంట్లో దాన్ని కనిపెట్టింది అక్క కూతురు. "మామయ్యా, నువ్వైనా కర్ర పట్టుకుని వస్తే నేనూ పారిపోతాను కదా" అంది. ఇంతకన్నా చెప్పను.

ఇంటర్నెట్‌లో జవాబులన్నీ దొరుకుతాయి. మా కట్టుబాటు ఏమిటంటే, ఒకే చోట ఇరవై నిమిషాలు ఇరుక్కుంటే ఒక్క చిన్న సూచన చూడొచ్చు. చూసేది ఒక్కరే. చూసినవాళ్ళు జవాబు చెప్పకూడదు, పొడుపు కథలా అడగాలి.

ఆట ఆపేముందు సేవ్ చేయండి. బ్రౌజర్‌లో ఆడితే ఆ సేవ్ సాధారణంగా ఆ కంప్యూటర్‌లోని ఆ బ్రౌజర్‌లోనే ఉంటుంది. బ్రౌజర్ శుభ్రం చేస్తే అదీ పోతుంది. కాబట్టి ప్రతివారం అదే ల్యాప్‌టాప్‌తో తెరవాలి. మా కీబోర్డ్ నలుగురి మధ్య మారేది కూడా నోటితోనే. ల్యాప్‌టాప్ నాదే, "ఇప్పుడు ఓటు లేనిది ఫలానావాళ్ళకు" అని మార్చుకుంటాం. ఆ పూట ఓటు లేనివాళ్ళు మిగతావాళ్ళు తేల్చిన మాటను నాకు చెబితే నేను టైప్ చేస్తాను, నా ఓటు మాత్రం ఉంటుంది. వినడానికి వింతగా ఉన్నా బాగా నడుస్తోంది.

ఇలా గుంపుగా ఆడటం మా వింత కాదు. ఈ ఆటల అభిమానులు క్లబ్‌ఫ్లాయిడ్ పేరుతో ఒక చాట్‌లో చేరి, ఫ్లాయిడ్ అనే బాట్‌కు, అంటే అక్కడ ఆటను నడిపే ప్రోగ్రామ్‌కు, తలా ఒక ఆదేశం ఇస్తూ ఏళ్ళుగా ఆడుతున్నారు. వేలమంది ఒకేసారి తిరిగే ఇప్పటి ఆన్‌లైన్ ఆటలకు మూలం కూడా ఇలాంటి అక్షరాల ఆటే. ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ 1978లో మొదలుపెట్టిన మడ్ అది.

5. రెండో ఆట: ఒక్క పేజీ, ఒక్క పాచిక

మూడు నాలుగు వారాలు గుహలో తిరిగాక మీకే అనిపిస్తుంది: "ఈ తలుపును తన్నితే? ఆ మరుగుజ్జుతో బేరమాడితే?" ఆటకు అవి అర్థం కావు. మనిషి అయితే అర్థం చేసుకుంటాడు. అప్పుడు సూత్రధారి ఉన్న ఆటకు రండి.

ఈ రకానికి పేరు తెచ్చింది 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్. దాని ప్రాథమిక నియమాలు ఇప్పుడు ఉచితంగానే దొరుకుతాయి. కానీ పాత్రను తయారుచేసుకోవడానికే ఒక పూట పడుతుంది. పరీక్షకు చదివినట్టు చదవాలి. మొదట వద్దు. జాన్ హార్పర్ తయారుచేసిన లేజర్స్ అండ్ ఫీలింగ్స్ వెతకండి. మొత్తం నియమాలు ఒక్క పేజీ. ఉచితం. మామూలు ఆరు ముఖాల పాచిక చాలు. వైకుంఠపాళీ పెట్టెలో ఉన్నదైనా సరే, లేకపోతే గూగుల్‌లో పాచిక అని ఇంగ్లీషులో వెతికితే అదే వేసి పెడుతుంది.

కథ ఇది: మీరంతా ర్యాప్టర్ అనే అంతరిక్ష నౌక సిబ్బంది. మీ కెప్టెన్‌ను ఏదో వింత శక్తి ఆవహించి మంచాన పడేసింది. నౌక ఇక మీ చేతుల్లో ఉంది. ఒకరు సూత్రధారి, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర. పాత్రకు ఒక తీరు, ఒక ఉద్యోగం: ధైర్యస్తురాలైన పైలట్, మనిషిలాంటి రోబో డాక్టర్, ఇలా. తర్వాత 2 నుంచి 5 లోపు ఒక అంకె ఎంచుకోవాలి. ఆట మొత్తం ఆ అంకె మీదే తిరుగుతుంది.

అంకె పెద్దదైతే మీరు లేజర్లలో, అంటే యంత్రాలు, లెక్క, చల్లని బుర్రతో చేసే పనుల్లో గట్టివాళ్ళు. చిన్నదైతే ఫీలింగ్స్‌లో, అంటే మాటలు, ఆవేశం, మనసు ఎరగడంలో గట్టివాళ్ళు. ప్రమాదం ఉన్న పని చేసేటప్పుడే పాచిక. లేజర్ పనైతే మీ అంకె కంటే తక్కువ పడాలి, ఫీలింగ్స్ పనైతే ఎక్కువ పడాలి. మామూలుగా ఒక పాచిక. ముందే సిద్ధపడి ఉంటే ఇంకొకటి, ఆ పని మీ ఉద్యోగంలో భాగమైతే ఇంకొకటి. ఎన్ని పాచికలు నెగ్గాయో చూడండి. ఒక్కటీ నెగ్గకపోతే వ్యవహారం చెడింది. ఒకటి నెగ్గితే పని అయింది కానీ ఏదో ఒక చిక్కు తగులుకుంది. రెండైతే శుభ్రంగా అయింది. మూడైతే పండగే.

అంకె 4 అనుకోండి. ఒక పాచికతో లేజర్ పని నెగ్గే అవకాశం సగానికి సగం. రెండు పాచికలతో కనీసం ఒకటైనా నెగ్గే అవకాశం నూటికి 75. అందుకే సిద్ధపడటానికి ఒక పాచిక అదనంగా ఇవ్వడం చాలా తెలివైన నియమం. ఆడేవాళ్ళు దూకే ముందు ఒక్క నిమిషం మాట్లాడుకుంటారు. తోటివాళ్ళకు సాయం చేయడానికీ నియమం ఉంది: ఎలా సాయం చేస్తున్నారో చెప్పి పాచిక వేయాలి, నెగ్గితే అవతలివాళ్ళకు ఒక పాచిక ఎక్కువ.

ఇక సరిగ్గా మీ అంకే పడితే? అప్పుడు మీరు సూత్రధారిని ఒక ప్రశ్న అడగొచ్చు. సూత్రధారి నిజం చెప్పి తీరాలి. నాకు ఈ ఆటలో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

6. అంతరిక్షం ఎక్కకపోతే మన నాటకం వేసుకోండి

మా బావకు అంతరిక్షం ఎక్కలేదు. "ఆ నౌక ఎలా ఉంటుందో నాకేం తెలుసయ్యా" అన్నాడు. న్యాయమైన మాటే. తెలియని లోకంలో మనిషి కల్పించలేడు. ఈ ఆటను మార్చుకుని సొంత రూపాలు చేసుకున్నవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. మేమూ మార్చాం.

కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో పుట్టిన సురభి నాటకాలు తెలిసినవే కదా. కుటుంబాలకు కుటుంబాలే సమాజంగా ఊరూరా తిరిగేవి. రంగస్థలం మీద మాయలు, తాళ్ళతో గాల్లో ఎగరడాలు. అలాంటి ఒక కల్పిత నాటక సమాజం మాది. కెప్టెన్ బదులు సమాజం యజమాని. ఆయనకు గొంతు పోయింది. రాత్రికి ప్రదర్శన. లేజర్ల స్థానంలో తాళ్ళు: కప్పీలు, తెరలు, దీపాలు. ఫీలింగ్స్ స్థానంలో భావం: పద్యం, నటన, జనాన్ని పట్టి ఉంచడం. మిగతా నియమాలు అక్షరం మారలేదు.

ఒక రోజు జరిగింది చెబుతాను, ఆట ఎలా నడుస్తుందో అర్థమవుతుంది. నేను సూత్రధారిని. ఘటోత్కచుడు గాల్లోంచి దిగాలి. కప్పీ పట్టేసింది. జనం ఈలలు వేస్తున్నారు. "ఏం చేస్తారు?" అన్నాను. అక్క కూతురి పాత్ర పద్దెనిమిదేళ్ళ నటి, అంకె 4. "తెర ముందుకొచ్చి పద్యం ఎత్తుకుంటా" అంది. భావం పని కాబట్టి 4 కంటే ఎక్కువ పడాలి. నటన ఆమె ఉద్యోగమే కాబట్టి రెండు పాచికలు. ఒకటి 6, ఇంకొకటి సరిగ్గా 4. ఒకటి నెగ్గింది, పైగా ఒక ప్రశ్న వచ్చింది.

"మామయ్యా, ఆ తాడు దానంతటదే చిక్కుపడిందా, ఎవరైనా కావాలని చేశారా?"

నేనసలు ఆ సంగతి ఆలోచించలేదు. ఒక్క క్షణం ఆగి "కావాలనే" అన్నాను. అంతే, డాలస్ నుంచి మావాడు "ఒరే, నేను కాదు!" అని అరిచాడు. ఎవరూ వాడిని అనలేదు. మిగతా గంట అంతా వాడి మీద అనుమానంతోనే గడిచింది. ఒకటే నెగ్గింది కాబట్టి చిక్కు కూడా పెట్టాలి: జనం ఊరుకున్నారు కానీ హార్మోనియం తిత్తి చిరిగింది. దాన్ని పట్టుకుని మా బావ పాత్ర కథ ఇంకోవైపు మళ్ళింది.

సూత్రధారి కాబోయేవాళ్ళకు దీంట్లోంచే రెండు మాటలు. కథ ముందే పూర్తిగా రాసుకురావద్దు. ఒక ఊరు, ఒక ఇబ్బంది, దాని వెనక ఒక మనిషి, ఆ మనిషికి కావాల్సింది ఏమిటి: పోస్టుకార్డు మీద పట్టేంత చాలు. రెండోది, మీరూ ప్రశ్నలు అడగండి. "ఈ ఊరు నీకు ఇంతకుముందే తెలుసట కదా, ఇక్కడ నీకు ఎవరితో గొడవ?" అని అడిగితే సగం కథ వాళ్ళే చెబుతారు. వాళ్ళు చెప్పినదానికి "అలా కాదు" అనొద్దు. "సరే, అయితే" అని అక్కడి నుంచి ఎత్తుకోండి. సూత్రధారి ఊ కొట్టాల్సింది అందరికన్నా ఎక్కువ.

సూత్రధారిగా ఉండటానికి ఎవరూ ఒప్పుకోకపోతే ఐరన్‌స్వోర్న్ అని ఉంది. షాన్ టామ్‌కిన్ తయారుచేశాడు, దాని నియమాల పుస్తకం ఉచితం. సూత్రధారి లేకుండా ఇద్దరు ముగ్గురు కలిసి ఆడేలా కూర్చాడు. కాకపోతే వందల పేజీలు. చదివి మిగతావాళ్ళకు చెప్పే ఓపికస్తుడు గుంపులో ఒకరుండాలి.

7. కలిసి కూర్చునే టైము దొరకనివాళ్ళకు

నైట్ షిఫ్ట్‌లు, చంటిపిల్లలు, పరీక్షలు. అలాంటప్పుడు వాట్సాప్ గ్రూపులో గొలుసుకథ. విడిగా ఒక గ్రూపు పెట్టండి, గుడ్ మార్నింగ్ పువ్వులు అందులోకి రాకుండా. వరుస ముందే రాసుకోండి. ఒకరి వంతుకు ఒక రోజు, ఐదు నుంచి ఎనిమిది వాక్యాలు. రోజు దాటితే వంతు తర్వాతివాళ్ళకు పోతుంది, జరిమానా లేదు. ఒకరి పాత్రను ఇంకొకరు చంపకూడదు. ప్రతివాళ్ళూ తమ వంతు చివర ఏదో ఒకటి తెగకుండా వదలాలి: తలుపు చప్పుడు, తెలియని నంబర్ నుంచి ఫోన్, ఖాళీ మంచం.

ఇరవై వంతులకు ముగించాలని మొదటే అనుకోండి. పదిహేను దాటాక కొత్త పాత్రలు తేకూడదు. ఈ హద్దు లేకపోతే గొలుసుకథ టీవీ సీరియల్ అయిపోతుంది.

దీనికి చమత్కారమైన అన్న ఒకడున్నాడు. 1925 ప్రాంతంలో పారిస్‌లో అధివాస్తవిక కవులూ చిత్రకారులూ కాగితం మడతపెట్టి, ముందువాళ్ళు ఏం రాశారో కనపడకుండా తలా ఒక ముక్క రాసేవారు. మీరూ ఆడొచ్చు: ప్రతివాళ్ళూ తమ ముక్కను ఒక్కరికే పంపాలి, తర్వాతివాళ్ళకు ఆ ఒక్కరు చివరి వాక్యం మాత్రమే చూపాలి. అర్థం పర్థం ఉండదు. అన్నీ కలిపి గట్టిగా చదివినప్పుడు మాత్రం నవ్వాగదు.

8. సొంత కథ తయారుచేసి ఆడించాలంటే

ట్వైన్ అనే ఉచిత పనిముట్టు ఉంది. క్రిస్ క్లిమాస్ 2009లో విడుదల చేశాడు. ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. తెలుగు లిపిని హాయిగా తీసుకుంటుంది. ఒక గడిలో పేరా రాసి, ఎంపిక చేసుకోవాల్సిన మాట చుట్టూ రెండేసి చదరపు బ్రాకెట్లు పెడితే ఆ పేరుతో ఇంకో గడి దానంతటదే పుడుతుంది. గడి గడినీ బాణాలు కలుపుతుంటాయి. పూర్తయ్యాక ఒకే ఒక ఫైలుగా దించుకోవచ్చు. అదే ఫైలు ఎవరి బ్రౌజర్‌లోనైనా తెరుచుకుంటుంది. బ్రౌజర్‌లో రాస్తుంటే మాత్రం పని ముగిసిన ప్రతిసారీ ఆ ఫైలు దించి పెట్టుకోండి. నేను ఒకసారి మూడు గంటల పని పోగొట్టుకుని, ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

పది పన్నెండు గడులతో మొదలుపెట్టండి. ప్రతి గడిలో రెండే దారులు. స్క్రీన్ చూపిస్తూ చదివి, మిగతావాళ్ళను చేతులెత్తమనండి. ఓట్లు సమానమైతే అంతకుముందు ఓడినవాళ్ళ మాట చెల్లుతుంది.

ఏఐ సూత్రధారులు కూడా ఇప్పుడు ఉన్నాయి. మేమూ ప్రయత్నించాం. అది ఏం చెప్పినా ఊ కొడుతుంది, ఎంతసేపైనా కొడుతుంది. కానీ అరగంట క్రితం హార్మోనియం చిరిగిందన్న సంగతి మరిచిపోయి దాని మీద పాట వాయించింది. ఒక్కరే ఉన్నప్పుడు కాలక్షేపానికి సరే.

9. చెడేది ఎక్కడ

ప్రతి గుంపులో ఒకరు ఎక్కువ మాట్లాడతారు. వాళ్ళను ఆపమనడం కంటే, ఊరుకున్నవాళ్ళను పేరు పెట్టి అడగడం మేలు. అదీ "నువ్వేమైనా చెబుతావా?" అని కాదు. దానికి అందరూ "లేదు లేదు" అంటారు. "మీ పాత్ర ఇప్పుడు ఎక్కడ నిలబడి ఉంది?" అని అడగండి. జవాబు చెప్పక తప్పదు, చెప్పాక ఆగరు.

కథలు ఒక్కోసారి తగలకూడని చోట తగులుతాయి. ఆసుపత్రి సన్నివేశం ఒకరికి సరదా, నిన్ననే ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్ళకు కాదు. జాన్ స్టావ్రోపౌలోస్ ప్రచారంలోకి తెచ్చిన ఎక్స్ కార్డ్ పద్ధతి దీనికి బాగా పనికొస్తుంది. ఎవరైనా చాట్‌లో ఎక్స్ అక్షరం కొడితే ఆ సన్నివేశం అక్కడితో వదిలేసి పక్కకు మళ్ళించాలి. ఎందుకని అడగకూడదు. మొదటి పూటే చెప్పి ఉంచండి. మా గుంపులో ఇప్పటికి రెండుసార్లు వాడారు. ఎందుకో నేటికీ నాకు తెలియదు.

పిల్లలుంటే తెలియనివాళ్ళ సర్వర్లలోకి వెళ్ళొద్దు. అక్కడ మంచి ఆటలుంటాయి, మంచివాళ్ళూ ఉంటారు, కానీ గొంతు విని ఎవరెవరో చెప్పలేం. అసలు పేరు, స్కూలు, ఊరు పాత్రలకు పెట్టుకోనివ్వకండి. పిల్లలు సరదాగా తమ పేరే పెట్టుకుంటారు.

నెట్ పోవడం మామూలే. పోయినవాళ్ళ పాత్ర "వాగు దగ్గరికి నీళ్ళకెళ్ళింది" అనుకుని ఆడండి. వాళ్ళు తిరిగొచ్చినప్పుడు వాగు దగ్గర ఏం చూశారో అడగండి.

చివరి ఐదు నిమిషాలు గుర్తుల గదికి ఉంచండి. మా అక్క కూతురు రాస్తుంది, నాలుగు వాక్యాలకు మించకుండా: ఎక్కడ ఆగాం, చేతిలో ఏముంది, ఎవరి మీద అనుమానం, వచ్చే వారం మొదటి వంతు ఎవరిది. పోయిన వారం గుర్తులో ఆఖరి వాక్యం ఇలా ఉంది: "తాడు కోసింది అంకులే అని నా నమ్మకం, కానీ సాక్ష్యం దొరకలేదు."